సన్నని సందులో ఉప్పునీళ్ళు: ఏసీ వోల్టేజి కింద అయాన్ల స్పందనను కొలవడం ఎలా?

రెండు స్టీలు పలకలు, వాటి మధ్య ఒక మిల్లీమీటరు సందు, ఆ సందులో ఎనిమిది చుక్కల ఉప్పునీళ్ళు. పలకలకు ఏసీ వోల్టేజి, అంటే దిశ మార్చుకుంటూ ఉండే వోల్టేజి, పెట్టి పౌనఃపున్యం పెంచుకుంటూ పోతే, ఎక్కడికి వచ్చేసరికి అయాన్లు (నీళ్ళలో విడిపోయిన ఉప్పు తాలూకు ఆవేశమున్న కణాలు) ఇక అందుకోలేక చేతులెత్తేస్తాయి?

ప్రయోగశాలలో ఈ ప్రశ్న అడిగినప్పుడల్లా నాకు రెండు జవాబులు వస్తాయి. గోడ ఆవేశాన్ని అయాన్లు ఎలా కప్పేస్తాయో చెప్పే డిబై సిద్ధాంతం చదివినవాళ్ళు 47 నానోసెకన్ల లెక్క చూపించి 3 మెగాహెర్ట్జ్ పైన అంటారు. వ్యాపనం, అంటే కణాలు వాటంతట అవే పాకుతూ విస్తరించడం, చదివినవాళ్ళు అయాను సగం సందు దాటడానికి రెండు నిమిషాలు పడుతుంది కాబట్టి వెయ్యో వంతు హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుందంటారు. లెక్కలు రెండూ సరైనవే. కొలిచి చూస్తే మాత్రం మలుపు, అంటే స్పందన తీరు మారే పౌనఃపున్యం, 65 హెర్ట్జ్‌కు కాస్త అటూ ఇటుగా వస్తుంది. ఆ మలుపును మీ చేత్తో మీరే పట్టుకోవడానికి ఏం చేయాలో, ఎక్కడ తప్పటడుగు పడుతుందో కింద రాస్తున్నాను. డిగ్రీ స్థాయి ప్రయోగశాలలో ఉండే సిగ్నల్ జనరేటరు, రెండు చానళ్ళ ఆసిలోస్కోపు చాలు.

ముందు కాగితం మీద

పరికరం ముట్టుకోకముందే నాలుగు అంకెలు రాసుకోండి. ఏం రావాలో తెలియకుండా కొలిస్తే, వచ్చిందల్లా నిజమే అనిపిస్తుంది.

ద్రావణంగా లీటరుకు 1 మిల్లీమోల్ పొటాషియం క్లోరైడును తీసుకుందాం. వంటింటి ఉప్పు ఎందుకు వద్దంటే, పొటాషియం, క్లోరైడు అయాన్లు దాదాపు ఒకే వేగంతో కదులుతాయి. 25 డిగ్రీల దగ్గర వాటి వ్యాపన గుణకాలు సెకనుకు 1.96 × 10⁻⁹, 2.03 × 10⁻⁹ చదరపు మీటర్లు. రెండింటికీ కలిపి 2 × 10⁻⁹ అనుకుంటే లెక్క తేలికవుతుంది. సోడియం 1.33 దగ్గరే ఉండిపోతుంది. ఆ తేడా తెచ్చే చిక్కును చివర్లో చూద్దాం.

మొదటి అంకె డిబై పొడవు. గోడ మీది ఆవేశాన్ని అయాన్ల గుంపు ఎంత మందంలో కప్పేస్తుందో చెప్పే కొలత ఇది. ఇలాంటి ఉప్పుకు నీళ్ళలో 0.304ను గాఢత వర్గమూలంతో భాగిస్తే జవాబు నానోమీటర్లలో వస్తుంది. గాఢత లీటరుకు మోల్స్‌లో ఉండాలి. మన ద్రావణానికి అది 9.6 నానోమీటర్లు.

రెండోది డిబై కాలం. డిబై పొడవు వర్గాన్ని వ్యాపన గుణకంతో భాగిస్తే 46 నానోసెకన్లు. నీటి పెర్మిటివిటీని ద్రావణం వాహకతతో భాగించినా 47 వస్తుంది. రెండు దారులూ ఒకే ఊరికి చేరాయంటే అంకెలు సరిగ్గా వేసుకున్నట్టే.

మూడోది వ్యాపన కాలం. సగం సందు, అంటే 0.5 మిల్లీమీటరు, దాని వర్గాన్ని వ్యాపన గుణకంతో భాగించండి. 125 సెకన్లు వస్తుంది.

నాలుగోది అసలైనది. డిబై పొడవును సగం సందుతో గుణించి వ్యాపన గుణకంతో భాగిస్తే 2.4 మిల్లీసెకన్లు. ఇది పై రెండు కాలాలకూ గుణ మధ్యమం. అలా రావడం యాదృచ్ఛికం కాదు. పలకల దగ్గర జంట పొరలు (పలక మీది ఆవేశం, దాన్ని కప్పే అయాన్ల పొర కలిసిన జత) కెపాసిటర్లలా నిండాలి. వాటిని నింపే కరెంటు మాత్రం మధ్యలో ఉన్న నీటి నిరోధం గుండా నడిచి రావాలి. పొర మందం కెపాసిటర్‌ను నిర్ణయిస్తే, సందు వెడల్పు నిరోధాన్ని నిర్ణయిస్తుంది. అందుకే జవాబులో రెండూ ఉంటాయి. ఈ కాలమానం విద్యుత్ రసాయన శాస్త్రజ్ఞులకు సర్క్యూట్ల రూపంలో పాతదే. అయాన్ల చలన సమీకరణాల నుంచి మొదలుపెట్టి దీన్ని విశదంగా రాసినది 2004లో మార్టిన్ బజాంట్, కత్సుయో థార్న్‌టన్, అర్మాన్ అజ్దారి.

ఇక పలకల వైశాల్యం 4 చదరపు సెంటీమీటర్లు అనుకుని సర్క్యూటు భాషలోకి మార్చండి. వాహకత సెంటీమీటరుకు 147 మైక్రోసీమెన్స్ కాబట్టి నీటి నిరోధం 170 ఓమ్‌లు. ఒక్కో పొర కెపాసిటెన్సు చదరపు సెంటీమీటరుకు 7.2 మైక్రోఫారడ్‌లు, పలకకు 29. రెండు పొరలూ శ్రేణిలో ఉన్నాయి కాబట్టి మొత్తం 14.5. నిరోధాన్ని దీనితో గుణిస్తే మళ్ళీ అవే 2.4 మిల్లీసెకన్లు. దానికి తగిన పౌనఃపున్యం 65 హెర్ట్జ్.

సెల్ కట్టడం

స్టెయిన్‌లెస్ స్టీలు రేకు నుంచి 7 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పున్న పలకలు రెండు కోయించండి. కోసిన అంచున వేలికి గీరుకునే గరుకు కొనలు ఉంటాయి. వాటిని ఆకురాయితో రాసి, పలకలు చదునుగా ఉన్నాయో లేదో గాజు మీద పెట్టి చూడండి. సబ్బు నీళ్ళతోనూ తర్వాత స్వేదన జలంతోనూ కడిగాక మధ్య భాగాన్ని వేళ్ళతో తాకకండి. చెమటలో ఉప్పు ఉంటుంది, మన ద్రావణం చాలా పల్చనిది.

సందు పట్టడానికి సూక్ష్మదర్శిని గాజు స్లైడులు వాడండి. అవి సుమారు ఒక మిల్లీమీటరు మందం ఉంటాయి. రెండో పలకను కింది పలక మీద ఒక సెంటీమీటరు పక్కకు జరిపి వేస్తే ఆరు సెంటీమీటర్ల మేర రెండూ ఒకదానిపై ఒకటి వస్తాయి; ఆ భాగానికి రెండు చివర్లా ఒక్కో స్లైడు అడ్డంగా, రెండు సెంటీమీటర్లు లోపలికి వచ్చేలా పలకల మధ్య పెట్టండి. మధ్యలో 2 × 2 సెంటీమీటర్ల ఖాళీ మిగులుతుంది. బయటికి వచ్చిన కొసలకు మొసలి క్లిప్పులు తగిలించుకోవచ్చు. స్లైడుకూ పలకకూ మధ్య పల్చగా వాసెలిన్ రాస్తే నీళ్ళు ఆ సందుల్లోకి పాకవు. అవి పాకితే వైశాల్యం ఎంతో మీకు తెలియకుండా పోతుంది.

మొత్తాన్ని బిగించడానికి బట్టలు ఆరేసే ప్లాస్టిక్ క్లిప్పులు చక్కగా పనికొస్తాయి. కాగితాలకు పెట్టే ఇనుప క్లిప్పులు రెండు పలకలనూ కలిపేస్తాయి. నీళ్ళు పోయకముందు మల్టీమీటరు పెట్టి చూడండి, తెగిన సర్క్యూటు అని చూపించాలి.

ద్రావణం నేరుగా 1 మిల్లీమోల్‌కు తూచడం కష్టం. 0.7455 గ్రాముల పొటాషియం క్లోరైడును ఒక లీటరు స్వేదన జలంలో కలిపితే 10 మిల్లీమోల్ ద్రావణం వస్తుంది. అందులో 100 మిల్లీలీటర్లు తీసుకుని మళ్ళీ లీటరుకు పలుచన చేయండి. 10 మిల్లీమోల్ సీసాను పారబోయకండి, తర్వాత కావాలి. కుళాయి నీళ్ళు ఎంత మాత్రం పనికిరావు. వాటిలోని లవణాలే మీరు కలిపిన ఉప్పును మించిపోవచ్చు.

డ్రాపరును అంచున ఆనించి మెల్లగా వదిలితే నీరు తానే లోపలికి పాకుతుంది. గాలి బుడగ చిక్కిందేమో పక్క నుంచి దీపానికి ఎదురుగా పట్టి చూడండి. చిన్న బుడగైనా పలక మీద తనంత మేర వైశాల్యాన్ని తినేస్తుంది. సెల్‌ను తడి దూది ఉన్న మూత డబ్బాలో ఉంచితే అంచుల దగ్గర నీరు ఆరిపోదు. నింపిన తర్వాత కనీసం రెండు మూడు నిమిషాలు ఆగండి. ఆ 125 సెకన్లు ఇక్కడ పనికొచ్చాయి.

ఒక సరదా పరీక్ష. నింపిన సెల్‌కు మల్టీమీటరును ఓమ్‌ల స్థానంలో పెట్టి తగిలించండి. అంకె ఒకచోట నిలవదు, ఎక్కుతూనే ఉంటుంది. మీటరు పంపేది డీసీ కాబట్టి పొరలు నిండుతున్న కొద్దీ కరెంటు సన్నబడుతుంది, మీటరేమో నిరోధం పెరుగుతోందనుకుంటుంది. 19వ శతాబ్దంలో ఫ్రెడ్రిక్ కోల్‌రాష్ ద్రావణాల వాహకత కొలవడానికి ఏసీని ఆశ్రయించింది ఈ బాధ పడలేకే. నిరోధాలను పోల్చి కొలిచే ఆయన బ్రిడ్జి సర్క్యూటు సమతుల్యమైందో లేదో తెలుసుకోవడానికి టెలిఫోను రిసీవరును చెవికి పెట్టుకుని శబ్దం ఆగే చోటు కోసం వెతికేవాడు. సరదా తీరాక పలకల కొసలను తీగతో కలిపి రెండు నిమిషాలు ఉంచండి, పేరుకున్న ఆవేశం దిగిపోతుంది.

తీగలు, వోల్టేజి

సెల్‌కు శ్రేణిలో 100 ఓమ్‌ల నిరోధకం పెట్టండి. అది భూమి వైపే ఉండాలి, ఎందుకంటే జనరేటరు, ఆసిలోస్కోపు రెండింటి భూమి తీగలూ లోపల కలిసే ఉంటాయి. మొదటి చానల్ సెల్, నిరోధకం కలిసిన మొత్తం మీద, రెండో చానల్ నిరోధకం మీద. రెండోది కరెంటును చూపిస్తుంది.

వోల్టేజి శిఖర విలువ 20 మిల్లీవోల్టులు దాటనివ్వకండి. గది ఉష్ణోగ్రతలో అయాన్ల ఉష్ణ చలనానికి సమానమైన వోల్టేజి సుమారు 25.7 మిల్లీవోల్టులు. దానికి లోబడి ఉన్నంతసేపే పైన వేసిన సరళమైన లెక్క చెల్లుతుంది. చాలా జనరేటర్లు అంత తక్కువ ఇవ్వలేవు. 470, 10 ఓమ్‌ల నిరోధకాలతో విభాజకం కట్టి ఒక వోల్టును 20 మిల్లీవోల్టులకు దించుకోండి.

సెల్ పెట్టకముందు దాని స్థానంలో 180 ఓమ్‌ల నిరోధకం, దానికి శ్రేణిలో ధ్రువాలు లేని 15 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ పెట్టి ఒకసారి మొత్తం కొలవండి. మలుపు 60 హెర్ట్జ్ దగ్గర రావాలి. రాలేదంటే తప్పు మీ తీగల్లోనో లెక్కలోనో ఉంది, అయాన్లను నిందించి లాభం లేదు.

కొలత

1 హెర్ట్జ్ నుంచి 100 కిలోహెర్ట్జ్ దాకా, ప్రతి పది రెట్లకూ ఐదు చొప్పున బిందువులు తీసుకోండి: 1, 1.6, 2.5, 4, 6.3, 10, ఇలా. మొత్తం 26. ప్రతి బిందువు దగ్గరా రెండు చానళ్ళ శిఖర విలువలు, రెండు అలల మధ్య కాలభేదం రాసుకోవాలి. అడుగు పౌనఃపున్యాల్లో కనీసం ఐదు ఆవర్తనాలు గడిచాక చదవండి. ఆసిలోస్కోపులో సగటు తీసే సదుపాయం ఉంటే వాడండి, ఇంత చిన్న సంకేతాలకు అది లేకుండా కష్టం.

ఇక్కడ మన దేశపు చిక్కు ఒకటుంది. మనకు కావలసిన మలుపు 65 దగ్గర, గోడలోని కరెంటు 50 దగ్గర. మొదటిసారి ఈ ప్రయోగం చేసినప్పుడు నా గ్రాఫులో 50 హెర్ట్జ్ పక్కన ఒక అందమైన బొడిపె వచ్చింది. ఒక మధ్యాహ్నమంతా దానికి అయాన్ల పరంగా కారణం వెతికాను. బల్ల మీది ట్యూబులైటు ఆపేసి, తీగలు పొట్టిగా చేసి మెలిపెట్టేసరికి బొడిపె మాయమైంది. అందుకే 50, 100, 150 అంకెలను వదిలేసి 43, 65, 87 లాంటివి ఎంచుకోండి.

1 హెర్ట్జ్ దగ్గర సెల్ అవరోధం (ఏసీకి నిరోధం, కెపాసిటర్ కలిసి పెట్టే అడ్డు) 11 వేల ఓమ్‌లకు ఎక్కుతుంది. 100 ఓమ్‌ల నిరోధకం మీద అప్పుడు కనిపించేది 0.2 మిల్లీవోల్టు కూడా కాదు. 10 హెర్ట్జ్ కన్నా కిందికి వెళ్ళేటప్పుడు దాన్ని తీసి 4.7 కిలో ఓమ్‌లది పెట్టండి.

ఒక బిందువును పూర్తిగా లెక్కవేసి చూద్దాం. 65 హెర్ట్జ్ దగ్గర మొదటి చానల్ 20, రెండోది 6.3 మిల్లీవోల్టులు చూపించాయనుకోండి. కరెంటు అల 1.38 మిల్లీసెకన్లు ముందుంది. ఆవర్తనం 15.4 మిల్లీసెకన్లు కాబట్టి దశాభేదం 32 డిగ్రీలు. చాలామంది ఇక్కడే నిరాశపడతారు, మలుపు దగ్గర 45 రావాలి కదా అని. తెర మీది దశ సెల్‌ది ఒక్కదానిదే కాదు, 100 ఓమ్‌లతో కలిపి ఉన్నది. మొత్తం అవరోధం 100 × 20 ÷ 6.3, అంటే 317 ఓమ్‌లు. దాన్ని 32 డిగ్రీల కొసైనుతో గుణిస్తే 268, సైనుతో గుణిస్తే 169. మొదటి దాంట్లోంచి 100 తీసేయండి. సెల్‌కు మిగిలింది 168 ఓమ్‌ల నిరోధ భాగం, 169 ఓమ్‌ల కెపాసిటర్ భాగం. రెండూ సమానమయ్యాయంటే అదే 45 డిగ్రీలు, అదే మలుపు.

గ్రాఫులో పౌనఃపున్యాన్నీ అవరోధాన్నీ లాగరిథమ్ స్కేలులో వేయండి. ఎడమ నుంచి వాలుగా దిగివచ్చిన గీత మలుపు తర్వాత చదునైపోతుంది. ఆ చదును ఎత్తే నీటి నిరోధం. మెగాహెర్ట్జ్‌లకు వెళితే 3.4 దగ్గర ఇంకో వాలు మొదలవుతుంది, అక్కడ అయాన్లు నిజంగానే వెనకబడి నీటి అణువులే స్పందనను మోస్తాయి. మామూలు మొసలి క్లిప్పుల తీగలతో అంత దూరం పోతే మీరు కొలిచేది తీగల ఇండక్టెన్సును. 100 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగండి.

అంకె 65 రాకపోతే

బహుశా రాదు. 80 నుంచి 100 మధ్య వస్తే కంగారు పడకండి. లోహానికి ఆనుకుని అయాన్లు దూరలేని సన్నని పొర ఒకటుంది. 1924లో ఒటో స్టెర్న్ లెక్కలోకి తెచ్చాడు కాబట్టి దాన్ని ఆయన పేరుతో పిలుస్తారు. దాని కెపాసిటెన్సు చదరపు సెంటీమీటరుకు 20 మైక్రోఫారడ్‌లు అనుకుంటే, 7.2తో శ్రేణిలో కలిసి 5.3 అవుతుంది. మలుపు 88కి జరుగుతుంది. గది వేడి కూడా చూడండి. వాహకత డిగ్రీకి సుమారు 2 శాతం పెరుగుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం గది 35 డిగ్రీలుంటే నిరోధం 170 బదులు 140 దగ్గర వస్తుంది.

ఏ పొర ఎక్కువ పెత్తనం చేస్తోందో తెలుసుకోవడానికి ఆ 10 మిల్లీమోల్ సీసా తీయండి. గాఢత పదింతలైతే నిరోధం పదో వంతవుతుంది. అయాన్ల మబ్బు పొర, అంటే డిబై పొడవు మందపు గుంపు, ఒక్కటే ఉంటే దాని కెపాసిటెన్సు వర్గమూలం లెక్కన మూడింతలవుతుంది, మలుపు కూడా మూడింతలే జరుగుతుంది. స్టెర్న్ పొర ఒక్కటే అయితే కెపాసిటెన్సు కదలదు, మలుపు పదింతలు జరుగుతుంది. పైన అనుకున్న విలువలతో లెక్కవేస్తే 88 నుంచి 420కి, అంటే దాదాపు ఐదింతలు. మీకు మూడుకూ పదికీ మధ్య ఎక్కడ వచ్చిందో చూస్తే మీ పలక ఎలాంటిదో తెలిసిపోతుంది. నాకు ఈ ప్రయోగం మొత్తంలో అన్నిటికన్నా ఇష్టమైన కొలత ఇది. రెండు సీసాలు, ఒక భాగహారం, నానోమీటరు మందపు పొర గురించి కబురు.

అడుగు పౌనఃపున్యాల్లో దశ 90 డిగ్రీలకు చేరకుండా 80 దగ్గర మొండికేస్తే, గరుకు ఉపరితలాలకు అది మామూలే. సన్నని ఎమరీ కాగితంతో పలకను రుద్ది మళ్ళీ చూడండి.

సందు తగ్గించడం

ఇప్పుడు స్లైడులు తీసి, వాటి స్థానంలో సుమారు 0.15 మిల్లీమీటరు మందముండే కవర్ స్లిప్పులు పెట్టండి. లోపల పట్టేది చుక్కకు కాస్త ఎక్కువ, అంతే. పలక అంచున గరుకు కొన ఏ మాత్రం మిగిలినా ఇక్కడ రెండు పలకలూ కలిసిపోతాయి, మల్టీమీటరు పరీక్ష తప్పనిసరి. క్లిప్పులు గట్టిగా నొక్కితే కవర్ స్లిప్పు పటుక్కుమంటుంది, రెండు మూడు ఎక్కువే దగ్గర పెట్టుకోండి. శ్రేణి నిరోధకాన్ని 22 ఓమ్‌లకు మార్చండి.

ద్రావణం అదే, పలకలు అవే, పొరలు అవే. మారింది సందు ఒక్కటే. నిరోధం 25 ఓమ్‌లకు పడిపోతుంది, మలుపు 65 నుంచి 430 దాటుతుంది. స్టెర్న్ పొరను లెక్కలోకి తీసుకుంటే 88 నుంచి 590కి. జవాబులో సందు అసలు లేకపోతే మలుపు ఉన్నచోటే ఉండాలి. సందు వర్గమే శాసిస్తే నలభై రెట్లకు పైగా దూకాలి. మీకు ఆరేడు రెట్లు వస్తుంది. మొదట చెప్పిన ఇద్దరి జవాబులూ తేలిపోయేది ఇక్కడే.

గీత దాటితే

ఇంతవరకూ అయాన్లను నెమ్మదిగా కదిపాం. ఇప్పుడు 1 మిల్లీమీటరు సెల్‌కు తిరిగి వచ్చి, వోల్టేజిని 50, 100, 200 మిల్లీవోల్టులకు పెంచుతూ 1 నుంచి 10 హెర్ట్జ్ మధ్య కొలవండి. ఈ పౌనఃపున్యాల్లో వోల్టేజి దాదాపు అంతా పొరల మీదే, చెరి సగంగా పడుతుంది. పొర మీద 100 మిల్లీవోల్టులు పడితే అయాన్ల మబ్బు కెపాసిటెన్సు ఆ మబ్బును వివరించే గూయ్, చాప్‌మన్‌ల సిద్ధాంతం ప్రకారం 3.6 రెట్లవుతుంది. స్టెర్న్ పొర అడ్డుపడి కొలతలో అంత కనిపించనివ్వదు. అయినా పెరుగుదల స్పష్టంగానే తెలుస్తుంది. కరెంటు అల నునుపైన సైను ఆకారం పోగొట్టుకుని వికృతమవుతుంది. ఆసిలోస్కోపులో ఎఫ్‌ఎఫ్‌టీ (అలలో ఏయే పౌనఃపున్యాలున్నాయో విడదీసి చూపే సదుపాయం) పెట్టి చూస్తే మూడింతల పౌనఃపున్యం దగ్గర చిన్న గీత లేస్తుంది. రెండింతల దగ్గర కూడా లేస్తే మీ రెండు పలకలూ ఒకేలా లేవన్నమాట. ఒకదాన్ని ఎక్కువ రుద్దారేమో గుర్తు తెచ్చుకోండి. అర వోల్టు దాటవద్దు, ఆ పైన స్టీలు ఉపరితలంలోని రసాయన చర్యలు కొలతలో కలిసిపోతాయి.

సోడియం చిక్కు చూస్తానన్నాను. రెండు రకాల అయాన్ల వేగం వేరైనప్పుడు, వోల్టేజి పెద్దదైతే, పూర్తిగా సౌష్ఠవమైన ఏసీ కూడా ద్రావణంలో ఎటూ ఊగని స్థిరమైన క్షేత్రాన్ని మిగులుస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 2018లో దీన్ని లెక్కగట్టి చూపారు. అది డిబై పొడవుకు ఎన్నో రెట్లు దూరం దాకా విస్తరిస్తుంది. ఏసీ పెట్టిన ఎలక్ట్రోడు మీద కొన్ని సూక్ష్మ కణాలు గురుత్వానికి ఎదురుగా పైకి లేచి నిలబడడానికి వాళ్ళు చూపిన కారణం ఇదే. మన రెండు పలకల సెల్‌లో ఇది ఆసిలోస్కోపు తెర మీద కనబడదు. ఒక పలక నుంచి చూసినా మరో పలక నుంచి చూసినా క్షేత్రం ఒకేలా ఉంటుంది, రెండూ కలిసి పలకల మధ్య వోల్టేజిని సున్నా చేసేస్తాయి. దాన్ని చూడాలంటే సందులో కణాలు వదిలి, గాజు ఎలక్ట్రోడు పెట్టి సూక్ష్మదర్శిని కింద చూడాలి. అది వేరే సెల్, వేరే ప్రయోగం.

పని అయ్యాక పలకలను స్వేదన జలంతో మూడుసార్లు కడిగి నిలువుగా ఆరబెట్టండి. చివరగా ఆ 180 ఓమ్‌లు, 15 మైక్రోఫారడ్‌ల జతను మళ్ళీ పెట్టి రెండు బిందువులు కొలవండి. ఉదయం వచ్చిన అంకెలే వస్తే మీ 26 బిందువులను నమ్మవచ్చు.